నంబరు అక్కర్లేని స్కూటర్ కొన్నాను

మా ఇల్లు పాండురంగాపురంలో. బీచ్‌కి చెప్పులేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు. ఆ సుఖానికి తగ్గట్టే ఒక కష్టం కూడా ఉంది: ఊళ్లోకి ఎటు వెళ్లాలన్నా అప్ ఎక్కాలి. వైజాగ్ వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సిరిపురం వైపు నుంచి దిగేటప్పుడు దాన్ని పాండురంగాపురం డౌన్ అంటాం, ఎక్కేవాడికి మాత్రం అది అప్పే.

మా అమ్మాయి 2024 జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరింది. కాలేజీ సిరిపురం దాటాక. ఆటోలో పంపితే నెలకి ఎంతవుతుందో లెక్కేసుకున్నాం. నేను దింపుదామంటే పోర్టు దగ్గర ఆఫీసు, ఎనిమిదిన్నరకల్లా అక్కడుండాలి. మా ఆవిడకి బండి రాదు. అప్పుడు వినపడింది స్లో స్పీడ్ ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి ఆ మాట: "లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, పదహారేళ్ల పిల్లలైనా నడపొచ్చు."

ఒక షాపులో చూశాం. పేరు రాయను. చూడ్డానికి మామూలు స్కూటరే, ముందు బుట్ట, కాళ్ల దగ్గర బ్యాటరీ. షాపతను చెప్పింది ఒక్క ముక్కలో: "ఇది సైకిల్‌తో సమానం సార్, గవర్నమెంట్ లెక్కలో అసలు మోటార్ బండే కాదు." అందులో అబద్ధం లేదు. అసలు తిరకాసు ఆ తర్వాత వచ్చింది.

ట్రయల్ కోసం మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని డౌన్ మొదట్నుంచి పైకి ఎక్కించాను. సగానికి వచ్చేసరికి బండి మూలగడం మొదలెట్టింది. పక్కన ఇడ్లీ డబ్బాలు కట్టుకుని సైకిల్ తొక్కుతున్న పెద్దాయన మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. మా అమ్మాయి దిగి నడిచింది. తిరిగొచ్చి చెబితే షాపతను నవ్వాడు. "వైజాగ్‌లో అందరిదీ ఇదే సమస్య సార్. మోటార్ కంట్రోలర్ మార్చి స్పీడ్ లాక్ తీసేస్తాం. రెండున్నర వేలు. అప్ కాదు, కైలాసగిరి ఎక్కేస్తది."

నేను ఒక్క ప్రశ్న అడగలేదు. రెండున్నర వేలు ఇచ్చాను.

కొత్త బండి కాబట్టి ఆసీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్లాం. వైజాగ్‌లో చక్రాలున్నది ఏది కొన్నా అక్కడికి వెళ్లాల్సిందే. పంతులుగారు పసుపుతో స్వస్తిక్ వేసి, నంబర్ ప్లేట్ ఉండాల్సిన చోట ఖాళీగా కనిపిస్తే అక్కడ నిండుగా కుంకుమ బొట్టు పెట్టారు. నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాం.

మూడు నెలలు హాయిగా గడిచాయి. అమ్మాయి రోజూ కాలేజీకి వెళ్లొచ్చేది. ఆదివారాలు నేను ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కి ఆ బండి మీదే పోయేవాణ్ని, ముందు బుట్టలో కూరలు బాగా పడతాయి. హెల్మెట్ పెట్టుకునేవాణ్ని కాదు. సైకిల్‌కి హెల్మెట్ ఎందుకు?

ఆ సెప్టెంబర్ 1 నుంచి సిటీలో నడిపేవాళ్లతో పాటు వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఎక్కడ చూసినా చెకింగే. రెండో వారమో మూడో వారమో, పెదవాల్తేరు దగ్గర నన్ను ఆపారు. బుట్టలో ఆనపకాయ, తోటకూర. నేను టెన్షన్ పడలేదు సరికదా, కొంచెం గర్వంగానే చెప్పాను, "ఇది గంటకి ఇరవై ఐదు కిలోమీటర్ల లోపు పోయే బండి సార్, రూల్స్ వర్తించవు" అని.

ఏఎస్ఐగారు యాభై దాటిన మనిషి. బండి చుట్టూ ఓసారి తిరిగారు. వెనకాల నిలబడి, "నంబర్ ప్లేట్ ఉండాల్సిన చోట బొట్టుందేటి సార్?" అన్నారు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేదు. తర్వాత ఆయన కూర ముందు బుట్టలోంచి తీసి నా చేతికిచ్చి, తన హెల్మెట్ పెట్టుకుని, బండెక్కి డివైడర్ చివరిదాకా వెళ్లి యూటర్న్ కొట్టి వచ్చారు. మీటర్ వైపు వేలు చూపిస్తూ అన్నారు: "నలభై మూడు పోయింది. ఇదేనా మీ ఇరవై ఐదు?"

ఆనపకాయ పట్టుకుని నిలబడ్డవాడు ఏం వాదిస్తాడు.

ఆయన మర్యాదగానే మాట్లాడారు, అది చెప్పాలి. బండి స్టేషన్‌కి వెళ్తుంది, టెస్ట్ సర్టిఫికెట్ తీసుకురండి అన్నారు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద తిరుగుతున్న మోటార్ వాహనాన్ని ఆపి ఉంచుకునే అధికారం మోటార్ వాహనాల చట్టం 207వ సెక్షన్ కింద పోలీసులకి ఉందని తర్వాత తెలిసింది. ఆ టెస్ట్ సర్టిఫికెట్ ఏమిటో అప్పటికి నాకు తెలీదు. నా దగ్గరున్నది షాపు బిల్లు, వారంటీ కార్డు.

షాపుకి వెళ్లాను. అడిగిన వెంటనే ఫైల్లోంచి జిరాక్స్ తీసి ఇచ్చాడు. ఇలా అడిగిన వాళ్లలో నేను మొదటివాణ్ని కాదన్నమాట. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. రాత్రి మా ఆవిడ పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని చదివాను. ఆ రాత్రే నాకు సంగతి బోధపడింది.

"ఎలక్ట్రిక్ అయితే రూల్స్ లేవు" అనేది ఉత్త మాట. పెద్ద కంపెనీల ఎలక్ట్రిక్ స్కూటర్లు రోడ్డు మీద మనం చూసేవన్నీ మోటార్ వాహనాలే, వాటికి పెట్రోల్ బండికి కావాల్సినవన్నీ కావాలి. మినహాయింపు ఉన్నది చిన్న గుంపుకి మాత్రమే, అదీ కేంద్ర మోటార్ వాహనాల నియమాల్లో 2(యు) అనే చోట రాసి ఉంది. మోటార్ శక్తి 250 వాట్ల కన్నా తక్కువ ఉండాలి. ఆ శక్తి కూడా ఏదో ఒక్క క్షణం కొలిచింది కాదు, అరగంట పాటు ఇవ్వగలిగేది. గరిష్ఠ వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు. బ్యాటరీ తీసేశాక బరువు 60 కేజీలు దాటకూడదు. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్. పెడల్ తొక్కే ఎలక్ట్రిక్ సైకిలైతే వేగం పెరిగే కొద్దీ మోటార్ సాయం తగ్గుతూ 25 దగ్గర పూర్తిగా ఆగిపోవాలి, తొక్కడం ఆపేస్తే అప్పుడే ఆగాలి. ఇవన్నీ ఉన్నాయని పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఆ మోడల్‌కి సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఇవన్నీ ఉంటేనే ఆ బండి చట్టం దృష్టిలో "మోటార్ వాహనం కాదు". మోటార్ వాహనం కాదు కాబట్టే లైసెన్స్ లేదు, వయసు లేదు, నంబర్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, హెల్మెట్ సెక్షన్ కూడా రాదు. అన్నీ ఒకే మేకుకి వేలాడుతున్నాయి. నేను రెండున్నర వేలిచ్చి పీకించింది ఆ మేకునే.

పొద్దున్నే శ్రీకాకుళంలో వకీలుగా ఉన్న మా బావకి ఫోన్ చేశాను. మా పెద్దక్క మొగుడు. మొత్తం విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆ రోజు బండి మీద నువ్వున్నావా, పిల్లుందా?"

"నేనే."

"బతికిపోయావ్."

పద్దెనిమిది నిండని పిల్లలు మోటార్ వాహనం నడిపి పట్టుబడితే 199ఎ సెక్షన్ తల్లిదండ్రుల మీదికి, బండి ఓనర్ మీదికి వస్తుందట. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. నడిపిన పిల్లకి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు చేర్చింది ఇది. పదహారేళ్లకి 50 సీసీ లోపు బండి నడపొచ్చని చట్టంలో ఇప్పటికీ ఉంది కదా అన్నాను. "బ్యాటరీ బండికి సీసీ ఎక్కడిదిరా?" అన్నాడు.

ఆ తర్వాత చెప్పింది నన్ను ఇంకా కుదిపేసింది. "జరిమానా కట్టేస్తావ్, పోద్ది. ఆ పిల్ల బీచ్ రోడ్డులో ఏ ముసలాయన్నో గుద్దిందనుకో. ఇన్సూరెన్స్ లేని మోటార్ బండి. ట్రిబ్యునల్ పరిహారం ఎంత వేస్తే అంతా నీ జేబులోంచే. ఇల్లు నీ పేరు మీదే ఉంది కదూ?"

మూడు నెలలు రోజూ ఆ అమ్మాయిని టాటా చెప్పి పంపినవాణ్ని. ఆ పూట టిఫిన్ సహించలేదు.

సర్టిఫికెట్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాను. ఏఎస్ఐగారు అందులో వేగం దగ్గర వేలు పెట్టారు, తర్వాత బండి వైపు చూపించారు. "ఈ కాగితం ఇరవై ఐదు పోయే బండిది. అది నలభై మూడు పోయే బండి. కాగితం కరెక్టే, బండే వేరు." ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. రిజిస్ట్రేషన్ లేనందుకు 2,000, హెల్మెట్‌కి 1,000, మీద కొసరు ఛార్జీలు. నంబర్ లేని బండికి చలానా ఎలా రాస్తారా అని చూస్తే ఛాసిస్ నంబర్ రాసుకున్నారు. ఇన్సూరెన్స్ సెక్షన్ కూడా పెట్టొచ్చు, హెల్మెట్ కేసులో నా లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్‌కి పంపొచ్చు. ఆ రెండూ రాయలేదు. పాత కంట్రోలర్ వేయించి చూపిస్తానని కాగితం రాయించుకుని బండి ఇచ్చారు, నడుపుకుంటూ తీసుకెళ్లడానికి మాత్రం కుదరదన్నారు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఎక్కించాను. కుంకుమ బొట్టుతో ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న ఆ బండిని చూస్తే నాకే జాలేసింది.

ఈలోగా ఇంకో ఆలోచన వచ్చింది. డబ్బు కట్టి దీన్నే రిజిస్టర్ చేయించేస్తే? నలభై పోతుంది, అప్ ఎక్కుతుంది, నేను నడుపుకుంటాను. సెలవు పెట్టి మాధవధార ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లాను. బయట చెట్ల కింద ఏజెంట్లు ఉంటారు కదా, ఒకతను "అయిపోద్ది సార్" అన్నాడు. లోపల బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గారు వేరే బండి చూసి వస్తూంటే నిలబెట్టి అడిగాను. ఆయన నడుస్తూనే చెప్పారు. రిజిస్ట్రేషన్‌కి ఫారం 21 అమ్మకం సర్టిఫికెట్, ఫారం 22 కంపెనీ ఇచ్చే రోడ్ వర్తీనెస్ కాగితం కావాలి. ఆ మోడల్ మోటార్ వాహనంగా టెస్ట్ పాసై ఉండాలి. మీ బండిని కంపెనీ మోటార్ వాహనం కాదనే పాస్ చేయించుకుంది. ఇక దానికి ఫారం 22 ఎవరిస్తారు?

అంటే లాక్ తీసిన స్లో స్పీడ్ బండి ఏ గట్టుకీ చెందదు. సైకిల్ లెక్కలోకి రాదు, స్కూటర్ లెక్కలోకి రాలేదు. నాకు ఇంతవరకు ఏ షాపువాడూ చెప్పని ముక్క ఇదే. "పట్టుకుంటే రిజిస్టర్ చేయించుకుందాం లే" అనుకునేవాళ్లు నా ఆఫీసులోనే ఇద్దరున్నారు. ఆ దారి లేదు.

షాపతను పాత కంట్రోలర్ వేయడానికి వారం తిప్పాడు. పాతది ఎవరికో వేసేశాడట. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి అటే. చివరికి కొత్తది తెప్పించి, దానికీ నా దగ్గరే డబ్బు తీసుకున్నాడు. వేసేటప్పుడు దగ్గరుండి చూశాను. సీటు కింద డిక్కీ లాంటి అర తీస్తే అరచేతి మందం అల్యూమినియం పెట్టె, దాన్నించి కాలవ గడ్డిలా రంగురంగుల వైర్లు. అందులో సన్నటి తెల్ల వైరు ఒకటి, కొస దగ్గర చిన్న ప్లాస్టిక్ జాయింట్. రెండు ముక్కలు కలిపి ఉంటే 25 దగ్గర ఆగుతుంది, విడదీస్తే పోతుంది. ఇప్పుడు తీసేసిన కంట్రోలర్‌లో ఆ రెండు ముక్కల్నీ వేరుచేసి నల్ల టేప్ చుట్టి పక్కకి తోసేశారు. అగ్గిపుల్లంత వైరు. బీచ్ గాలికి అప్పటికే కొసలకి పచ్చటి చిలుము పట్టేసింది.

కొత్త జాయింట్ కలిపించి, దాని మీద ఎర్ర టేప్ చుట్టించాను. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఎప్పుడో ఊడిపోయిందని ఆ రోజే గమనించాను, అదీ వేయించాను. స్టేషన్‌కి తీసుకెళ్తే ఈసారి కానిస్టేబుల్ ఎక్కి చూశాడు. ఇరవై నాలుగు దగ్గర ముల్లు కదల్లేదు. "ఇప్పుడు పోండి సార్, హెల్మెట్ మాత్రం పెట్టండి" అన్నాడు. చట్టం ప్రకారం అక్కర్లేకపోయినా పెడుతున్నాం. ఇరవై నాలుగులో పడ్డా తల తలే కదా.

అప్ సమస్య అలాగే ఉండిపోయింది. అందుకని మా ఆవిడకి లైసెన్స్ తీసి, రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరొకటి కొనాలని తేల్చుకున్నాం. నలభై మూడేళ్ల వయసులో తను మొదట ఒప్పుకోలేదు. అమ్మాయి వారం రోజులు బతిమాలింది.

ఎల్ఎల్ఆర్‌కి, అంటే లెర్నర్ లైసెన్స్‌కి, ఆన్‌లైన్లో అప్లై చేసి స్లాట్ బుక్ చేశాం. గేర్ లేని టూ వీలర్ అని పెట్టాలి. నలభై దాటినవాళ్లకి డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ ఉండాలని చివరి నిమిషంలో చూసుకుని మా వీధి డాక్టర్‌గారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన కళ్లు, రంగులు చూసి సంతకం పెట్టి, "ఇన్నాళ్లకి ఏటమ్మా?" అన్నారు. కంప్యూటర్ టెస్ట్‌కి ముందు రాత్రి మా అమ్మాయి వాళ్లమ్మకి సైన్ బోర్డులు వల్లె వేయించింది. ఎర్ర గుండ్రం అంటే చెయ్యకూడదు, నీలి గుండ్రం అంటే చెయ్యాలి, త్రికోణం అంటే జాగ్రత్త. పాసైపోయింది. నేను పాతికేళ్ల కిందట ఏజెంట్ ద్వారా తీసుకున్నాను కాబట్టి ఆ ప్రశ్నల్లో సగం నాకు రావు. ఈ మాట ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది.

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలుంటుంది, 30 రోజులు దాటాక అసలు లైసెన్స్ టెస్ట్‌కి వెళ్లొచ్చు. ఆ నెల రోజులూ ఆదివారం పొద్దున్నే ఆంధ్రా యూనివర్సిటీ వైపు ఖాళీ రోడ్ల మీద ఎర్ర ఎల్ బోర్డు తగిలించి నేర్పించాను. టెస్ట్ రోజు ఎనిమిది వేస్తూ ఒకసారి కాలు కింద పెట్టింది. రెండోసారి వెళ్లాల్సి వచ్చింది. అంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు.

కొత్త బండి రిజిస్ట్రేషన్ పని అంతా షోరూమ్ వాళ్లే చూసుకున్నారు. బ్యాటరీ బండ్లకి రిజిస్ట్రేషన్ ఫీజు 2021 నుంచి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం కొత్త టూ వీలర్‌కి ఐదేళ్లకి ఒకేసారి కట్టాలి. ముందు టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), తర్వాత పచ్చ ప్లేట్ మీద తెల్ల అక్షరాలతో నంబర్. సంపత్ వినాయగర్ గుడికి మళ్లీ వెళ్లాం. ఈసారి ప్లేట్ దగ్గర బొట్టు వద్దన్నాను, అక్షరాలు కనపడవని. పంతులుగారు హెడ్‌లైట్ మీద పెట్టారు.

ఇప్పుడు పొద్దున వాళ్లమ్మ అమ్మాయిని పెద్ద బండి మీద దింపుతుంది. ట్యూషన్ మాత్రం చినవాల్తేరులోనే కాబట్టి దానికి చిన్న బండి మీద తనే వెళ్తుంది. సర్టిఫికెట్ జిరాక్స్ లామినేషన్ చేయించి సీటు కింద పెట్టాను. ఇప్పటికి రెండుసార్లు ఆపారు, రెండుసార్లూ చూపించి వచ్చేసింది. మా కింది ఫ్లోర్ అబ్బాయి ఆన్‌లైన్లో 500 వాట్ల మోటార్ తెప్పించి సైకిల్‌కి బిగించి, తొక్కకుండానే ఆక్సిలరేటర్ తిప్పుకుంటూ తిరుగుతున్నాడు. వాళ్ల నాన్నకి ఈ కథంతా చెప్పాను. "సైకిల్‌కేటవుద్దండి" అన్నాడు. నేనూ జూన్‌లో అదే అన్నాను కాబట్టి ఏమీ అనలేకపోయాను.

మొన్న ట్యూషన్ నుంచి వచ్చి మా అమ్మాయి హెల్మెట్ తీస్తూ అడిగింది. "నాన్నా, ఇవాళ ఫ్రెండ్‌ని సిరిపురంలో దింపి డౌన్ మీంచి వచ్చా. ఆక్సిలరేటర్ ముట్టుకోలేదు, ఒట్టు. మీటర్ ముప్పై ఒకటి చూపించింది. ఇప్పుడిది మోటార్ వాహనం అయిపోయినట్టా?"

నాకు జవాబు తోచక బావకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆయన కాసేపు నవ్వి, "టెస్టు సమంగా ఉన్న ట్రాక్ మీద చేస్తారమ్మా, కొండకి సర్టిఫికెట్ ఇవ్వరు" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "అయినా దాని మీద ఇద్దరెక్కి ఆ అప్ ఎలా ఎక్కారే? ఆ వైరు మీ నాన్నని ఓసారి చూడమను" అన్నాడు.

వెళ్లి సీటు ఎత్తి చూశాను. ఎర్ర టేప్ అలాగే ఉంది. సగం దూరం ఇద్దరూ దిగి తోశారట.